కోడిపుంజుకు కుదిరిన క్షయ

ప్లవ నామ సంవత్సరం, చలికాలం. రంగవరం సంతలో రేవు నుంచి వచ్చిన వైద్యుడొకడు సీసా పైకెత్తి, "ఊపిరి సంజీవి! క్షయని వేళ్లతో సహా పెరికేస్తుంది!" అని అరిచాడు. మేదరి గవరమ్మ మొగుడు పోతయ్య నెత్తురు పడేలా దగ్గుతుంటే, ఒక చెంచా పోశాడు. కాసేపటికి దగ్గు ఆగింది. పోతయ్య అక్కడే ఒరిగి నిద్రపోయాడు. జనం ఈలలు వేశారు.

"ఇంకా చూస్తావేమే? నీ పాడిగేదెనిచ్చి సీసాలు తీసుకో!" అన్నాడు సంత చూడవచ్చిన ఊరి జమీందారు.

ఆ గేదె పాలే పోతయ్య ప్రాణం నిలుపుతున్నాయి. గవరమ్మ ఇంకో చెంచా మందు అడిగి పుచ్చుకుని, నూకల్లో కలిపి, గంప కింద గొంతు చించుకుంటున్న తన పుంజుకు పెట్టింది. చూస్తుండగానే పుంజు మెడ వాల్చేసింది.

"బాబుగారూ, నా పుంజుకీ క్షయ కుదిరిపోయింది!"

"కోడికి క్షయ ఎక్కడిదే?"

"లేదు కదా బాబూ! రోగం లేనిదీ నోరు మూసింది, రోగమున్నోడూ నోరు మూశాడు. మరి ఈ మందు రోగాన్ని తీసిందా, గొంతు నొక్కిందా?"

సంతంతా గొల్లున నవ్వింది. ఆ గోలకు పోతయ్య లేచాడు. లేస్తూనే మళ్లీ దగ్గాడు. వైద్యుడు సీసాలు వదిలేసి రేవుదారి పట్టాడు.

గేదె గవరమ్మకు దక్కింది. పుంజు మళ్లీ లేవలేదు.