దొర పసుపు శాలువా

ఊరి చివర కొమురవ్వ ఒక్కతే ఉండేది. ఆమెకున్నదల్లా ఒక బెండతోట. ఆముదం పూసిన పసుపు గుడ్డలు కట్టి, ఆ రంగుకు వచ్చి జిడ్డుకు అంటుకునే తెల్లదోమను పట్టేది.

పక్కతోట దొరది. ఆయన ఒళ్లంతా ఆముదం పట్టించుకుని, పసుపు శాలువా కప్పుకుని, రోజూ తన తోటలోంచి గట్టు మీదికొచ్చేవాడు.

"నీ దోమే నా తోటను తింటున్నది. నీ తోట పీకిస్త!"

ఆమెతో మాట్లాడే మనిషి ఆయనొక్కడే.

ఒకనాడు అన్నంత పనీ చేయడానికి కూలీలతో వచ్చాడు.

"దొరా, నా తోటల మీరెన్నడూ కాలు పెట్టలే. మరి మీ శాలువాకు అంటుకున్న దోమ ఏ తోటది?" అంది కొమురవ్వ.

దొర చూసుకున్నాడు. శాలువా దోమతో తెల్లబడి ఉంది. కూలీలు తలలు దించుకుని నవ్వారు. పీకించింది చివరికి తన తోటలోని దోమ పట్టిన మొక్కలనే.

మర్నాడు పొద్దున్నే కొమురవ్వ అలవాటుగా గట్టు వైపు చూసింది. తిట్టడానికైనా ఎవరూ రాలేదు.