ముళ్ళపంది ఎనిమిది అడుగులు

అనగనగా ఒక అడవి. ఎంత పెద్దదని అడక్కండి, మన ఊరి పొలాలన్నీ తెచ్చి పోసినా అందులో ఓ మూలకి రావు. చిట్టీ, ఆ వేలు నోట్లోంచి తీసి విను. ఇది నవ్వే కథ కాదు.

ఆ అడవిలో వాగు ఒడ్డున, ఒక బొరియలో, పోతులు అనే ముళ్ళపంది ఉండేవాడు. ఒక్కడే ఉండేవాడు. పోతులు ముళ్ళని బాణాల్లా విసురుతాడని అడవంతా ఒకటే పుకారు. అందుకని ఎవరూ అతని గడప తొక్కేవాళ్ళు కాదు. ఎదురుపడితే పక్కదారి పట్టేవాళ్ళు. "ఏం పోతులూ, తిన్నావా?" అని అడిగే నాథుడు లేడు. రోజుల తరబడి పాపం అతనికి నోరు విప్పే పనే ఉండేది కాదు.

ఒకరోజు తెల్లారేసరికి వాగు ఇసుకలో గంగులు అనే కుర్ర నక్క చచ్చి పడి ఉన్నాడు. ఛాతీలో మూడు ముళ్ళు దిగి ఉన్నాయి. అవి ఎవరివో అడగాల్సిన పనే లేదు.

అంతే, అడవి రెండుగా చీలిపోయింది.

"దూరంగా నిలబడి ముళ్ళు విసిరి చంపాడు. హంతకుడు!" అని కొండముచ్చు చెట్టుమీంచి అరిచాడు.

"నోర్ముయ్! నక్క ఊరికే వస్తాడా? ఏదో జిత్తు పన్నే వచ్చుంటాడు. మా పోతులు ప్రాణం కాపాడుకున్నాడు, అంతే!" అని అడవిపంది గుర్రుమన్నాడు. పేరు చివర పంది అని ఉంది కదా, ఆ చుట్టరికం అతనికి సరిగ్గా ఆరోజే గుర్తొచ్చింది. అంతకుముందు ఒక్కసారి పలకరించిన పాపాన పోలేదు.

సగంమంది ఇటు, సగంమంది అటు చేరి గొంతులు చించుకున్నారు. గంగులు కోసం మాత్రం ఒక్కరూ ఏడవలేదు. వాడికీ ఎవరూ లేరు మరి.

తీర్పు చెప్పమని ముసలి ఉడుము సోమక్కని పిలుచుకొచ్చారు. ఆమె ఒక సంగతి పట్టుకుందంటే తేలేదాకా వదలదు. తప్పు పోతులుదని తేలితే ఆ రోజే అతను అడవి విడిచిపోవాలని అందరూ కలిసి ముందే ఖాయం చేశారు. ఇంకో అడవి ముళ్ళపందిని రానిస్తుందా? వానలు ముంచుకొస్తున్నాయి, బొరియ లేకపోతే ఎక్కడ తల దాచుకుంటాడు? పోతులుకి వణుకు పుట్టింది. ముళ్ళు గలగలలాడాయి. దగ్గరున్నవాళ్ళు ఒక్క గెంతు గెంతి దూరం జరిగారు.

"ఏం జరిగిందో చెప్పు," అంది సోమక్క.

"పొద్దుగూకేవేళ దుంపలు తవ్వుకుంటున్నాను సోమక్కా. వెనక అడుగుల చప్పుడైంది. నక్క వాసన కొట్టింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. నన్ను తినడానికే వచ్చాడనుకున్నాను. ఆ తర్వాత... వాడు పడిపోయి ఉన్నాడు."

సోమక్క కొండముచ్చు వైపు తిరిగింది. "ముల్లు ఎగరడం నువ్వు చూశావా?"

"చూశానక్కా! రివ్వున పోయింది."

"ఎగరడం చూశావా, గలగల విన్నావా? ఆలోచించి చెప్పు."

కొండముచ్చు బుర్ర గోక్కున్నాడు. "విన్నాను. వినగానే తిరిగి చూశాను. అప్పటికే నక్క పడిపోయి ఉన్నాడు."

"అయితే నువ్వు చూసింది శవాన్ని. మిగతాదంతా పుకారు," అంది సోమక్క. "పోతులూ, ఒకసారి ఒళ్ళు గట్టిగా విదిలించు."

అమ్మో అంటూ అందరూ చెట్ల చాటుకి పరిగెత్తారు. పోతులు విదిలించాడు. వదులుగా ఉన్న ముల్లు ఒకటి ఊడి, అతని కాళ్ళ దగ్గరే పడింది. రెండోసారి విదిలిస్తే అసలేమీ రాలలేదు. మూడోసారీ అంతే.

"చూశారా? ముల్లు ఎగరదు. ఒంటికి ఒళ్ళు తగిలితేనే దిగుతుంది. లేని బాణాలకి భయపడి ఇన్నేళ్ళూ ఇతన్ని వెలివేశారు కదర్రా!" అంది సోమక్క.

అందరి తలలూ వాలిపోయాయి. ఇదే అదనని అడవిపంది ముందుకొచ్చాడు.

"నేను ముందే చెప్పలా? నక్కే మీదికొచ్చాడు! కావాలంటే అడుగులు చూడండి. పోతులు కాలివేళ్ళు ఎటున్నాయి? నక్కకి అవతలివైపు ఉన్నాయి. ఇతను పారిపోతుంటే నక్క వెంటపడి మీద దూకాడు!"

అందరూ వంగి చూశారు. నిజమే. తడి ఇసుకలో ఎనిమిది అడుగులు, వేళ్ళన్నీ నక్కకి అవతలి దిక్కుకే.

"పోతులు తప్పేం లేదు! పోతులు మంచివాడు!" అని కేకలు లేచాయి. కొండముచ్చు కూడా గొంతు కలిపాడు, సిగ్గు లేకపోతే సరి.

పోతులుకి ఊపిరి తిరిగింది. తన పేరుని అంతమంది అంత ప్రేమగా పిలవడం అతను పుట్టాక అదే మొదటిసారి.

సోమక్క మాత్రం నాలుక ఆడిస్తూ ఆ అడుగుల దగ్గరే ఉండిపోయింది. "ఒక్క మాట పోతులూ. నీ దగ్గరికి ఎప్పుడూ ఎవరూ రాలేదు కాబట్టి ఇది నీ ఒక్కడికే తెలుసు. నువ్వు ఎవరిమీదైనా పడేటప్పుడు నీ ముఖం ఎటు ఉంటుంది?"

"శత్రువు వైపే అను," అని అడవిపంది చెవిలో గొణిగాడు.

ఒక్క అబద్ధం. అదొక్కటీ ఆడితే బొరియ దక్కుతుంది, మంచి పేరు దక్కుతుంది, పలకరించడానికి ఇంతమంది ఉంటారు. పోతులు చుట్టూ చూశాడు. గంగులు వైపు కూడా చూశాడు.

"నా ముళ్ళన్నీ వీపు మీదే కదా సోమక్కా. నేను వీపు తిప్పి, వెనక్కి పరిగెత్తి పొడుస్తాను. ఆ అడుగులు పారిపోయినవి కావు. మీదపడ్డవి."

"ఛీ ఛీ, వీడికీ మాకూ ఏ చుట్టరికమూ లేదు," అని అడవిపంది అప్పటికప్పుడే జారుకున్నాడు.

సోమక్క నక్క అడుగులు చూపించింది. "దూకినవాడి గోళ్ళు ఇసుకని వెనక్కి చిమ్ముతాయి. ఇక్కడ చిమ్మలేదు. నాలుగు కాళ్ళూ కుదురుగా నిలబడ్డాయి. నీ ముళ్ళ గలగల విని గంగులు ఆగిపోయాడు." అని, తలతో శవాన్ని పక్కకి దొర్లించింది. దాని కింద రాలి ఎండిన దుప్పికొమ్ము ఒకటి ఉంది. కొమ్ము మధ్యలో నక్క పళ్ళ గాట్లు.

"నోటి నిండా ఇంత కొమ్ము పట్టుకుని ఎవడైనా కరవడానికి వస్తాడా? అయినా ఎండుకొమ్ము నక్కకెందుకు? ఈ అడవిలో కొమ్ములు కొరికేది ఎవరు?"

అందరూ పోతులు వైపు తిరిగారు. పళ్ళు అరగదీసుకోవడానికి కొమ్ములు కొరికేది ముళ్ళపందే.

పోతులు గొంతు సన్నగా వచ్చింది. "సోమక్కా... ఈ నెలలో రెండుసార్లు నా గుమ్మంలో కొమ్ములు దొరికాయి. దుప్పులు రాల్చిపోయాయనుకున్నాను."

"పనిగట్టుకుని నీ గుమ్మందాకా వచ్చి కొమ్ము రాల్చే దుప్పి ఉంటుందా నాయనా?"

పోతులు ఇసుకలో కూలబడ్డాడు. ఇన్నేళ్ళలో అతని కోసం వచ్చింది ఒక్కడు. ఆ ఒక్కణ్ణీ తన చేతులారా చంపుకున్నాడు. ఉండండర్రా, ఒక్క గుక్క మంచినీళ్ళు తాగనివ్వండి.

సోమక్క తీర్పు చెప్పింది. "నిన్ను వెళ్ళగొట్టను. నీ భయం నిజం, నువ్వు చెప్పిన మాటా నిజం. అలాగని తప్పు లేదనీ అనను. వాడు ఆగాడు. ఆగినవాడి మీదికి నువ్వు ఎనిమిది అడుగులు వేశావు. ఆ ఎనిమిదిట్లో ఒక్కదాని దగ్గరైనా ఆగి, తల తిప్పి చూసుంటే వాడు బతికుండేవాడు. గంగులుకి గొయ్యి నువ్వే తవ్వు. ఇకమీదట చప్పుడైతే తల తిప్పి 'ఎవరది?' అని మూడుసార్లు అడుగు. జవాబు కోసం ఆగు."

పోతులు ఏడుస్తూ గొయ్యి తవ్వాడు. తవ్వడం అయ్యేసరికి అందరూ వెళ్ళిపోయారు.

ముళ్ళు ఎగరవని ఇప్పుడు అడవికంతా తెలుసు. అయినా ఎవరూ ఆ గడప తొక్కలేదు. కొందరికి కోపం, కొందరికి సిగ్గు. పొద్దుగూకేవేళ వాగు ఒడ్డున ఆకు కదిలితే చాలు, పోతులు దుంపలు తవ్వడం ఆపి తల తిప్పుతాడు. "ఎవరది?" అంటాడు. ఆగుతాడు. మళ్ళీ అడుగుతాడు. మూడోసారికి ఆ గొంతు బతిమాలుతున్నట్టే ఉంటుంది. ఎవరూ పలకరు.

నీతి: మన భయం నిజమైనంత మాత్రాన ఎదుటివాడు శత్రువని కాదు. దెబ్బ వేసేముందూ, తీర్పు చెప్పేముందూ తిరిగి ఒక్కసారి చూడాలి.