దీపం మీద బొట్టుబిళ్ల

కొండ మీది ఆశ్రమం కారులో ఆ పసుపు దీపం వెలగడం మొదలై నాలుగు నెలలయింది. ఇంజనులో ఏదో తేడా ఉందని చెప్పే దీపం అది. కారు నడిపే శిష్యుడు శితికంఠం మూడుసార్లు మెకానిక్కుకి చూపించాడు.

"ఇంజను గుండ్రాయిలా ఉంది స్వామీ. సెన్సరే పోయింది. దాని మాట పట్టించుకోకండి" అన్నాడా మెకానిక్కు.

పట్టించుకోకపోవడం అంత తేలికా? కొండ దిగినంతసేపూ అది కళ్లలో పొడుస్తూనే ఉండేది. చివరికి విసిగి, ఎవరో భక్తురాలు అద్దానికి అతికించి మరిచిపోయిన బొట్టుబిళ్ల తీసి దీపం మీద అంటించాడు. అప్పట్నుంచి ప్రాణం హాయిగా ఉంది.

గవరమ్మకి మాత్రం అలా బిళ్ల అంటించే వీల్లేకపోయింది. ముప్పై ఏళ్లు ఆశ్రమంలో వంట చేసిన మనిషి. ఇప్పుడు నెలకోసారి గుండె పట్టేసిందంటుంది. శితికంఠం నాలుగుసార్లు కొండ దింపి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నాలుగుసార్లూ ఏమీ లేదన్నారు. ఇవాళ మధ్యాహ్నం వడ్డనలు ముగించి నడుం వాల్చాడో లేదో, మళ్లీ కబురొచ్చింది.

శితికంఠం నేరుగా పెద్దస్వామి దగ్గరికి వెళ్లాడు.

"నా వల్ల కాదు స్వామీ. రోజూ చచ్చేవాడికి ఏడ్చేవాడెవడు?"

పెద్దస్వామి లేచారు. చేతికర్ర పట్టుకుని కారు దాకా నడిచి, ముందు సీట్లో కూర్చున్నారు. తాళం తిప్పమన్నారు. గోటితో బిళ్ల గీకి తీశారు. కింద దీపం వెలుగుతూనే ఉంది.

"అబద్ధమేనా ఇది?"

"అబద్ధమే స్వామీ. మూడుసార్లు చూపించాను కదా."

"ఇవాళ చూశావా?"

"లేదు."

పెద్దస్వామి ఆ బిళ్లని శితికంఠం చెవికి అంటించారు.

"ఇక్కడైతే ఇంకా హాయి" అని దిగి వెళ్లిపోయారు.

శితికంఠానికి సిగ్గేసింది. బిళ్ల పీకి పారేశాడు. బానెట్ ఎత్తి నూనె, నీళ్లు చూసుకుని, గవరమ్మని ఎక్కించుకుని బయల్దేరాడు.

సాయంత్రానికి తిరిగొచ్చారు. పెద్దస్వామి గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"ఏమన్నారు?"

"ఈసారీ ఏమీ లేదన్నారు స్వామీ." ఎంత దాచుకుందామన్నా గొంతులో విసుగు దాగలేదు.

"ఏముందంటే బాగుండేది నాయనా?"

శితికంఠం వెనక్కి తిరిగాడు. వెళ్లి కారు వెనక తలుపు తీశాడు. అంతా విన్నట్టుంది, గవరమ్మ తల దించుకుని కూర్చుంది.

"ఇంకెప్పుడూ పిలవన్లే బాబూ" అంది.

అతను చెయ్యి అందించాడు.

"పిలవాలమ్మా" అన్నాడు. "ఎప్పుడనిపిస్తే అప్పుడు పిలవాలి."