ముఖం చూపని మడమలమ్మ

మడమలకోనకు రావాలంటే బస్సు దిగి గుట్ట మొదలుదాకా నడవాలి. పక్క కొండమీది స్వామికి తారురోడ్డు వచ్చింది, కల్యాణ మండపం వచ్చింది, ప్రసాదాల కౌంటరు వచ్చింది. మా అమ్మవారికి మాత్రం కాలిబాటే మిగిలింది. అటు చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది, దాచుకోవడం ఎందుకు? అయితే ఆ కొండమీద లేనిది ఒకటి ఇక్కడ ఉంది. గర్భగుడిలోకి తొంగిచూసిన భక్తుడు మొదట తికమకపడతాడు. అమ్మవారు మనకు వీపు పెట్టి, గోడవైపు తిరిగి ఉంటుంది. నడుము దాకా జారిన జడ, పైకి దోపిన కుచ్చిళ్ళు, నేల విడిచి లేచిన కుడి మడమ. పసుపు రాసేది ఆ మడమకే, హారతి చూపేదీ ఆ మడమకే. ముఖం ఎలా ఉంటుందో చెప్పగలవారు ఇప్పుడు ఎవరూ లేరు.

పూర్వం ఇక్కడ అమ్మవారు అన్ని గుళ్ళలోలాగే భక్తులకు ఎదురుగా ఉండేదట. ఏటా చైత్ర పౌర్ణమినాడు పరుగుగాళ్ళు తుమ్మలేటిలో స్నానం చేసి, ఎండిన సొరబుర్రల్లో నీళ్ళు నింపి, బిరడాలు బిగించి, వీపున కట్టుకుని, ఆమడ దూరం ఆగకుండా పరుగెత్తి గుట్ట ఎక్కేవారు. ముందుగా వచ్చినవాడి నీళ్ళతో అమ్మవారి ముఖం కడిగేవారు. తెర తీయగానే ఆ తడిముఖాన్ని మొదట చూసే భాగ్యం అతనిదే. ఆ నీళ్ళను బట్టే ఆ ఏడాది వానలని ఊరి నమ్మకం.

ఆ మొదటి చూపు కదిరప్ప అనే పరుగుగాడికి ఏళ్ళ తరబడి సొంతమైపోయింది. అంతకుముందు అది అతని తండ్రిది. కదిరప్ప వీధిలో నడిచి వెళుతుంటే పెద్దలు లేచి నిలబడి పలకరించేవారు. అలాంటి ఇంటికి అతని భార్య లక్కమ్మ తమ్ముడు తిప్పయ్య బతుకుతెరువు కోసం వచ్చాడు. బక్కపలచని మనిషి, చిన్నప్పటినుంచీ గొర్రెల వెంట తిరిగిన కాళ్ళు. ఆ ఏడు సరదాగా బుర్ర కట్టుకుని పరుగెత్తి బావకంటే ముందు గుట్ట ఎక్కేశాడు. మరుసటి ఏడూ అంతే జరిగింది.

మొదటిసారి కదిరప్ప నవ్వి భుజం తట్టాడు. రెండోసారి నవ్వు రాలేదు. "మా తిప్పడు పరిగెత్తుతాంటే కాలు నేలకు ఆనినట్టే ఉండదబ్బా" అని లక్కమ్మ సంగటి వడ్డిస్తూ మురిసిపోతే, కదిరప్ప ఆ ముద్ద వదిలేసి లేచిపోయేవాడు. బావమరిది దగ్గినా, నవ్వినా, మంచంమీద కాళ్ళు చాపినా కడుపు భగ్గుమనేది. దున్నుతున్నా, తింటున్నా, కళ్ళు మూసుకున్నా అవే కనిపించేవి: దుమ్ము రేపుకుంటూ, తనకు అందకుండా పోతున్న తిప్పయ్య మడమలు.

మూడో ఏడు ఏటి ఒడ్డున కదిరప్ప ఒక పని చేశాడు. తిప్పయ్య స్నానానికి దిగినప్పుడు, గట్టున పెట్టిన అతని బుర్రకు బిరడా వదులు చేశాడు. దారిలో నీళ్ళు కారిపోతే వాడు ముందు చేరినా ఉత్త బుర్రతో నిలబడతాడు, ముఖం కడిగేది తన నీళ్ళతోనే అనుకున్నాడు. బరువు తగ్గేకొద్దీ పరుగు పెరుగుతుందన్న సంగతి ఆ కుళ్ళులో అతనికి తోచనే లేదు. తిప్పయ్య గాలిలా వెళ్ళిపోయాడు. ఆ ఏడు కదిరప్పకు ఆ మడమలు కూడా కనిపించలేదు.

గుట్టమీద జనం ఈలలు వేస్తుండగా తిప్పయ్య బుర్ర వంచాడు. ఒక్క చుక్క రాలలేదు. చాలాసేపటికి నిండు బుర్రతో కదిరప్ప రొప్పుతూ వచ్చాడు. పూజారి ఆ నీళ్ళు అందుకుని తెర తీశాడు. అమ్మవారు గోడవైపు తిరిగి ఉంది.

"ఉత్త బుర్ర తెస్తివి కదరా, అమ్మ మొగం తిప్పేసింది!" అని ఊరంతా తిప్పయ్య మీద పడింది. ఇక ఈ గుట్టమీద పరుగెత్తవద్దని కట్టడి చేసింది. తిప్పయ్య ఏమీ అర్థం కాక బావ ముఖంలోకి చూశాడు. కదిరప్ప ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తిప్పయ్య సొంత ఊరికి, గొర్రెల దగ్గరికి వెళ్ళిపోయాడు.

మరుసటి చైత్రంలో కదిరప్పకు పోటీ లేదు. మిగతావారు ఎప్పటిలాగే ఎక్కడో వెనకబడ్డారు. ఎదురుగా ఖాళీ బాట. ఎంత తిట్టుకున్నా కాళ్ళు కదలలేదు. సగం దారిలో ఒక బండనీడన కూలబడితే కునుకు పట్టింది. కలలో అమ్మవారు అతని ముందు పరుగెడుతోంది. వెనక్కి తిరగకుండానే మాట్లాడింది.

"నీ ముందర ఎవడూ లేకపోతే నీ కాళ్ళు ఎట్ల లేస్తాయిరా? నీ కుళ్ళు నాకు చేదు కాదు. దాంతోనే కదా ఇన్నేండ్లు నా గుట్ట ఎక్కితివి. బిరడా మీద చెయ్యేస్తివే, అది నాకు గిట్టలేదు. వాన్ని పిల్చుకోని రా. నీ చేత్తోనే బిగించు. ఆ తర్వాత ఎంత కుళ్ళుకుంటావో కుళ్ళుకో."

కదిరప్ప లేచి గుట్టవైపు పోలేదు. తిన్నగా గొర్రెల మందలోకి వెళ్ళి బావమరిదిని చెయ్యి పట్టుకుని తీసుకువచ్చాడు. ఊరందరి ముందు జరిగింది చెప్పాడు. అతన్ని చూసి లేచి నిలబడే పెద్దలు ఆనాటినుంచి లేవడం మానేశారు. తిప్పయ్య మాత్రం "నువ్వు వదులు చేయకపోయినా నేనే ముందొచ్చేవాన్ని బావా" అన్నాడు. కదిరప్పకు మళ్ళీ భగ్గుమంది. ఆ మంటతోనే బావమరిది బుర్ర తీసుకుని, పళ్ళు బిగించి, బిరడా బిగించాడు. ఇద్దరూ ముసలివాళ్ళయ్యేదాకా పరుగెత్తారు. అమ్మవారు మాత్రం ఇటు తిరగలేదు. పూజారులు అది కోపమంటారు. ఆ లేచిన మడమ చూస్తే నాకు మాత్రం ఆమె కూడా పోటీలో దిగినట్టే అనిపిస్తుంది.

ఇప్పటికీ చైత్ర పౌర్ణమినాడు ఎవరి బిరడా వారు బిగించుకోరు. ఎవరిని చూస్తే కడుపు మండుతుందో వారి దగ్గరికి వెళ్ళి, పైకి చెప్పి, వారి బుర్రకు బిరడా బిగించాలి. బెంగుళూరు నుంచి బూట్లతో వచ్చే కుర్రవాళ్ళయినా, పోలీసు ఉద్యోగానికి సాధన చేసే ఆడపిల్లలయినా ఇదే పద్ధతి. పేరున్నవారి చుట్టూ గుంపు చేరుతుంది. ఎవరూ రానివారికి పూజారి బిగిస్తాడు. అంతకంటే అవమానం ఇంకొకటి లేదు.

ఈ స్థలపురాణం పుస్తకం రాసిన నేను బడిపంతులుగా ఉన్నన్నాళ్ళూ ఈ పరుగులో పాల్గొన్నాను. ఏటా పూజారే బిగించాడు. గుంపు మధ్య నవ్వుతూ నిలబడినవాళ్ళను చూసి లోలోపల ఉడికిపోయాను. చివరిసారి పరుగెత్తిన ఏడు పూజారి నా వైపు వస్తుండగా, ఎప్పుడూ అందరికంటే ఆఖరున వచ్చే నారపరెడ్డి అనే రైతు అడ్డం వచ్చాడు. "ఆగు సామీ, ఈయప్పది నేను బిగిస్తా" అన్నాడు. తర్వాత నా కళ్ళలోకి చూడకుండా, "ఏండ్లనుంచి మిమ్మల్ని చూసి కుళ్ళుకుంటాండా సార్" అన్నాడు.

అమ్మవారి మడమకు నీళ్ళు పోసినవారికి కాళ్ళ సత్తువ, ఎదుటివాడి బిరడా బిగించినవారికి మనసు తేలిక దక్కుతాయని ఇక్కడివారి విశ్వాసం. బిరడా బిగింపించుకున్నవారికి ఏం దక్కుతుందో ఎవరూ రాసి పెట్టలేదు. నాకు తెలుసు. ఆ రోజు గుట్టమీద నా బిరడా ఒక పట్టాన ఊడిరాలేదు, నాకూ దాన్ని ఊడదీయాలనిపించలేదు.