ఐదు రేకుల పాంసే

ఒక పిల్ల ఒక మాట చెప్పింది. ఇంట్లో పెద్దవాళ్ళు ముగ్గురు దాన్ని మూడు రకాలుగా దిద్దారు. చెప్పండి, తప్పు పలికిన నోటిదా, దిద్దిన చెవులదా?

ఏం శాంభవీ, అప్పుడే జవాబు చెప్పెయ్యాలా? ఆగు. నీ తమ్ముడింకా దుప్పటి లాక్కుంటూనే ఉన్నాడు. కాళ్ళు ముడుచుకోరా పండూ. ఊఁ కొట్టండి ఇద్దరూ.

అనగనగా, గోదారి సముద్రంలో కలిసే చోటికి కాస్త ఇవతల, యానాం అని ఒక ఊరు. ఊరు మనదే, ఏరు మనదే, పొయ్యి మీద పులుసూ మనదే. జెండా మాత్రం ఫ్రెంచివాళ్ళది. అలాంటి రోజులవి.

ఆ ఊళ్ళో అచ్చియ్యమ్మ అని ఎనిమిదేళ్ళ పిల్ల. ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయి. అంచేత ఆ పిల్ల నోట్లో 'చ' పలికేది కాదు. చేప అనమంటే 'సేప' అనేది. చెప్పు అనమంటే 'సెప్పు' అనేది. ఇది గుర్తుపెట్టుకోండి. గొడవంతా ఇక్కడే ఉంది.

వాళ్ళమ్మ ఇంట్లో పువ్వులు కట్టేది. అచ్చియ్యమ్మ పొద్దున్నే బుట్ట పట్టుకుని, ఏటిగట్టు మీద మేడలో ఉండే ఫ్రెంచి దొరసానికి ఇచ్చి వచ్చేది. ఆవిడ పేరు లూసీ. ఊరంతా లూసమ్మ అనేవారు.

లూసమ్మకి తెలుగు రాదు. అచ్చియ్యమ్మకి ఫ్రెంచి రాదు. అయినా కబుర్లకి లోటు లేదు. ఎలాగంటారా? అచ్చియ్యమ్మ బుట్టలోంచి ఒక పువ్వు తీసి "సేమంతి" అనేది. లూసమ్మ కూడా "సేమంతి" అనేది. పాపం, ఆవిడ చివరిదాకా దాని పేరు సేమంతే అనుకుంది. అప్పుడు లూసమ్మ బొమ్మల పుస్తకం తెరిచి, వాళ్ళ దేశంలో పూసే పువ్వొకటి చూపించి పేరు చెప్పేది. అచ్చియ్యమ్మ తిరిగి అనేది. రోజుకో పువ్వు, రోజుకో పేరు. అదే వాళ్ళ స్నేహం.

ఒకరోజు అచ్చియ్యమ్మ వెళ్ళేసరికి మేడ నిండా పెట్టెలు కట్టేసి ఉన్నాయి. రేవులో పడవ సిద్ధంగా ఉంది. లూసమ్మ తన దేశం వెళ్ళిపోతోంది. మళ్ళీ రాదు. ఆ సంగతి మాత్రం ఎవరూ భాష మార్చి చెప్పక్కర్లేకుండానే ఆ పిల్లకి అర్థమైంది.

అప్పుడు లూసమ్మ తన మెడ దగ్గర, రవికకి గుచ్చుకున్న నగ తీసింది. వేలెడంత లేదు. బంగారు పువ్వు. ఐదు రేకులు. పై రేకులు రెండూ నేరేడు పండు రంగు. కింది మూడూ పసుపు, వాటి మీద పిల్లి మీసాల్లా సన్నని నల్లగీతలు. వెనకాల గుచ్చుకోవడానికి ఒక సూది.

దాన్ని అచ్చియ్యమ్మ చేతిలో పెట్టింది. "పాంసే" అంది. తన నుదుటి మీద వేలు పెట్టుకుంది. మళ్ళీ "పాంసే" అంది. ఆ తర్వాత పడవెక్కి వెళ్ళిపోయింది.

అచ్చియ్యమ్మ ఇంటికొచ్చి అరచెయ్యి విప్పింది. "లూసమ్మ ఇస్సింది. పాంసే అంది" అని చెప్పింది.

ముందుగా వాళ్ళ మేనమామ భద్రం నవ్వాడు. "ఓసి బోసినోటిదానా, పాంసే ఏంటే? పంచె! దొరసాని పంచె అనుంటుంది. నుదురు ముట్టుకుందంటే పెద్దవాళ్ళకి నమస్కారం పెట్టినట్టు. పంచె కట్టే మగాడికి ఇమ్మని అర్థం. ఈ ఇంట్లో నాకంటే ఎవడు బాగా కడతాడు?"

"కాదు మావా, పాంసే."

"అదేనే, పంచె."

మంగళవారం సంతకి దాన్ని బొడ్డు దగ్గర పంచెకి గుచ్చుకుని బయల్దేరాడు. వంకాయలు బేరమాడుతూ వంగాడు. సూది కసుక్కున దిగింది. ఒక్క ఎగురు ఎగిరి వంకాయల గుట్ట మీద కూర్చున్నాడు. "కూర్చుంటే కూర్చున్నావు గానీ, ఆ చితికినవన్నీ నువ్వే కొనుక్కో అల్లుడూ" అంది అమ్మే ఆవిడ. నవ్వకురా పండూ, కథ పాడవుతుంది.

ఆ తర్వాత నాయనమ్మ చేతిలోకి తీసుకుంది. "పంచె కాదురా మొద్దూ, పంచ! ఇంటి పంచలో కట్టమంది. నుదురు ముట్టుకుందంటే దిష్టి తగలకుండా అని."

"కాదు నాయనమ్మా, పాంసే."

"పళ్ళు రానీ, అప్పుడు చెబుదువుగాని."

పంచలో నిమ్మకాయకీ మిరపకాయలకీ మధ్య దాన్ని వేలాడదీసింది. మర్నాడు ఒక కాకి వచ్చింది. నిమ్మకాయ వదిలేసింది, మిరపకాయలు వదిలేసింది, పువ్వు పట్టుకుని ఇంటి కప్పెక్కింది. అచ్చియ్యమ్మ ఏడుస్తూ తాటాకు కప్పు మీదకి పాకి, మోకాళ్ళు గీరుకుపోయి, దాన్ని వెతికి తెచ్చుకుంది.

అప్పుడు పెదనాన్న కామేశం గొంతు సవరించుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, వినండి. ఆ ఇంట్లో ఎవరికి కూర తక్కువైనా తన కంచంలోది తీసి వేసేవాడు. "మీకెవరికీ తెలియలేదు. అది పంచే! పంచే వస్తువు. రేకులెన్ని? ఐదు. అన్నదమ్ములం కలిసి ఉన్నాం కదా, ఈ ఇంట్లో ఆడపిల్లలెంతమంది? ఐదుగురు. నుదుటి మీద వేలు పెట్టింది కదా, అంటే పాపిటబిళ్ళ. రేకుకొకటి చేయించి ఐదుగురికీ పంచమంది" అన్నాడు.

ఇంట్లో అందరూ తలూపారు. లెక్క కుదిరిపోయింది మరి! నేనడుగుతున్నాను, లెక్క కుదిరినంత మాత్రాన మాట నిజమైపోతుందా?

అచ్చియ్యమ్మకి తల తిరిగిపోయింది. అక్కచెల్లెళ్ళు నలుగురూ ఆశగా చూస్తున్నారు. ఇవ్వనంటే పిసినారిదంటారు. ఇస్తే పువ్వుండదు. పైగా తన మీద తనకే అనుమానం వచ్చింది. లూసమ్మ ఏమంది? పాంసే అందా, పంచే అందా? పెరట్లో కూర్చుని పాంసే, పంచే, పాంసే, పంచే అనుకుంది. అనగా అనగా రెండూ ఒకేలా వినబడ్డాయి. మీరూ అని చూడండి. చూశావా శాంభవీ, నీకూ తికమకే!

ఆ తర్వాత పెదనాన్న పిల్లని వెంటబెట్టుకుని కంసాలి సింహాద్రాచారి దుకాణానికి వెళ్ళాడు. ఆచారి నగని అటూ ఇటూ తిప్పాడు. సూది మీద ఆవగింజలో సగమంత ముద్ర కనబడింది. భూతద్దం పెట్టి చూస్తే పిట్ట తల. "పువ్వు నగకి పిట్ట తలేంటండీ?" అని ఆయనా తికమకపడ్డాడు.

"కొయ్యండి ఆచారిగారూ, ఐదు ముక్కలు."

"ఆలోచించుకోండి కామేశంగారూ. ఈ రంగు పూసింది కాదు. గాజుని పిండిలా నూరి, బంగారం మీద పరిచి, కొలిమిలో కరిగించి ఎక్కించారు. బంగారమైతే నా మాట వింటుంది. విరిగినా అతుకుతాను. గాజు వినదు. విరిగితే అంతే."

"పిల్లలందరికీ న్యాయం జరగాలి కదండీ."

ఆచారి నిట్టూర్చి, సన్న ఉలి తీసి పసుపు రేకు మొదట్లో పెట్టాడు. మెల్లగా ఒక దెబ్బ వేశాడు.

టిక్!

పసుపు పెచ్చు ఒకటి ఎగిరి ఎక్కడో పడింది. ఆ చోట బంగారం బోసిగా కనబడింది, అచ్చం ఆ పిల్ల పంటిచిగురులాగే.

అప్పుడు అచ్చియ్యమ్మ అరిచింది. "ఆపండి! సేమంతిని సేమంతి అనడం నా నోటి తప్పే. కానీ లూసమ్మకి పళ్ళన్నీ ఉన్నాయి పెదనాన్నా! ఒక్కటీ ఊడలేదు! ఆవిడే పాంసే అంది!"

ఆచారి చేతిలో ఉలి ఆగిపోయింది. మూడు రోజులుగా ఇంటిల్లిపాదీ పిల్ల నోరే చూశారు. మాట పుట్టిన నోరు ఎవరిదో ఒక్కరూ ఆలోచించలేదు.

"రోజూ పువ్వు సూపించి పేరే సెప్పేది. ఇదీ పేరే అయ్యుంటుంది" అంది పిల్ల, వెక్కుతూ.

ఆచారి ఉలి పక్కన పెట్టేశాడు. "దుబాసీ జోగయ్యగారు ఉన్నారుగా, ఆయన్ని అడగండి" అన్నాడు. దుబాసీ అంటే దొరల మాట మనకీ, మన మాట దొరలకీ చెప్పే మనిషి. జోగయ్య కొలువు మానేసి చాలా ఏళ్ళయింది. ఆయన నోట్లో కూడా ఒక్క పన్ను లేదు.

అందరూ కట్టకట్టుకుని ఆయనింటికి వెళ్ళారు. వంకాయల భద్రం కూడా వచ్చాడు. ముసలాయన పువ్వుని చూడగానే మొహం విప్పార్చుకుని "పాంసే!" అన్నాడు.

చూశారా! ఊరు మొత్తం మీద ఆ మాట సరిగ్గా పలికినవాళ్ళు ఇద్దరే. ఇద్దరికీ పళ్ళు లేవు!

"వాళ్ళ దేశంలో చలికాలంలో పూస్తుంది. దీని పేరు పాంసే. ఆ మాటకే ఇంకో అర్థం ఉంది, తలపు."

"తలుపా!" అంటూ భద్రం లేచాడు. "నే ముందే అనుకున్నా. మేకూ సుత్తీ తెస్తానుండండి."

"కూర్చోవయ్యా! తలుపు కాదు, తలపు. తల్లో ఉండేది. తలుచుకోవడం. ఈ పువ్వు చేతిలో పెట్టి నుదురు చూపించారంటే, నన్ను మరిచిపోకు అని."

ఆ పిట్ట తల సంగతీ ఆయనే చెప్పాడు. అది గద్ద తల, బంగారం సరైనదేనని అక్కడి సర్కారు వేసే ముద్ర.

అచ్చియ్యమ్మ పువ్వుని నుదుటికి ఆనించుకుంది. పెదనాన్న ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చుని, పెచ్చు ఊడిన రేకు వైపు చూసి, "నేను వినలేదే తల్లీ" అన్నాడు. అంతే అన్నాడు.

ఆ తర్వాత? పువ్వు అచ్చియ్యమ్మ దగ్గరే ఉంది. కానీ అక్కచెల్లెళ్ళు ఐదుగురూ పెట్టుకున్నారు. ముక్కలుగా కాదు, వంతులుగా. పెట్టుకునే ముందు దాని పేరు సరిగ్గా చెప్పాలి. పంచె అన్నవాళ్ళకి ఆ రోజు వంతు పోయినట్టే!

ఆ అచ్చియ్యమ్మ ఎవరనుకున్నారు? మా అమ్మమ్మకి అమ్మమ్మ. ఇదిగో ఆ పువ్వే, వేలు పెట్టి చూడు శాంభవీ. ఈ రేకు అంచు గరుకుగా లేదూ? ఆ ఉలి దెబ్బే. మనింట్లో ఎవరు ఊరెళ్తున్నా గుమ్మంలో ఆపి "పాంసే" అంటాం, అదెందుకో ఇప్పుడు తెలిసిందా?

ఏంటీ? తాతయ్య పంచెలు సర్దుకున్నారా అని అడుగుతున్నామనుకున్నావా ఇన్నాళ్ళూ! హరి హరీ! ఇంకా నయం, ఇవాళ చెప్పాను.

రేకులు ఐదు, పువ్వొకటే,
చెవులు బోలెడు, మాటొకటే.
కథేమో కంచికి పడవెక్కింది,
నిద్రేమో మన పక్కెక్కింది.

కళ్ళు మూసుకోండి. పొద్దున్న లేవగానే, ఇంట్లో మీకు పేరు తెలియని పాత వస్తువొకటి పట్టుకుని నా దగ్గరికి రండి. దాని పేరు అడగండి. నేను చెప్పేటప్పుడు మాత్రం దిద్దకండి, ముందు వినండి.