స్నానాల గది ఏ సీమలో ఉంది?

మణిగిరి అని ఒక రాజ్యం ఉండేది. ఎక్కడ ఉండేదని అడక్కండి. ఏ పేరుతో చెప్పాలో నాకే తెలియదు. దాన్ని ఏలిన రణధీరకేసరి మహారాజుకు పేర్లు మార్చే జబ్బు ఉండేది మరి!

ఆయనకు యుద్ధాలు చేసే ఓపిక లేదు, చెరువులు తవ్వించే తీరిక లేదు. పొద్దున్నే లేచి రాజ్యపటం ముందు కూర్చునేవాడు. ఒక సీమను రెండు చేసి, వాటికి తన బిరుదులు తగిలించేవాడు. మరుసటి ఏడు ఆ రెంటినీ కలిపి పట్టపురాణి పేరు పెట్టేవాడు. రాణిగారితో తగవొస్తే మళ్లీ విడగొట్టేవాడు.

ఈ బాధ నాకూ కొంత తెలుసు లెండి. నేను పుట్టింది ఒక జిల్లాలో, ఉద్యోగం విరమించింది మరో జిల్లాలో, ఇప్పుడు పింఛను కోసం తిరుగుతున్నది ఇంకో జిల్లాలో. మా ఇల్లు మాత్రం అంగుళం కదల్లేదు. బ్యాంకులో అమ్మాయి "ఏ జిల్లా తాతగారూ?" అంటే, "ఈ పూటకా అమ్మా?" అని అడుగుతాను. సరే, నా గోడు ఎందుకు, కథలోకి వద్దాం.

ఆ రాజ్యంలోని రేగులపాడులో నాంచారమ్మ అనే ఆమె చెరువు కింద వరి వేసింది. ఆ ఏడు రాజుగారు గీసిన కొత్త గీత సరిగ్గా చెరువుకట్ట మీదుగా పోయింది. చెరువు విజయసీమలో పడింది, పొలాలు కీర్తిసీమలో పడ్డాయి.

తూము తెరవమంటే కాపరి, "మా అధికారి చెప్పాలమ్మా" అన్నాడు.

విజయసీమ అధికారి, "నీ పొలం మా సీమలో లేదు" అన్నాడు.

కీర్తిసీమ అధికారి, "చెరువు మాది కాదు గదా" అన్నాడు.

చెరువు నిండుగా ఉంది. పైరు పొట్టకొచ్చింది. నీళ్లు కళ్లెదుట కనిపిస్తూనే చేను నెర్రెలు విచ్చుతోంది. నాంచారమ్మ కొంగు బిగించి రాజధానికి వెళ్లి, సభలో మొరపెట్టుకుంది.

రాజు మొహం చిట్లించాడు. "మీ సీమకు అంత చక్కని పేరు పెట్టానే! దాని గురించి ఒక్క మంచి మాట లేదు. వచ్చీ రాగానే నీళ్లంటావేమిటి?"

"పేరు పోస్తే పైరు తడుస్తుందా దొరా?" అంది నాంచారమ్మ.

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజుకు కోపం వచ్చి ఆమెను బయటికి పంపించేశాడు.

అక్కడ సింగరభట్టు అనే విదూషకుడున్నాడు. అతను గబగబా ఆమె వెనకాలే వెళ్లి, "అమ్మా, రేపటిదాకా ఊరికి పోవద్దు. మా ఇంట్లో భోంచేసి పడుకో" అని చెప్పి, తిరిగొచ్చి రాజు ముందు దిగాలుగా నిలబడ్డాడు.

"ఏమిటయ్యా ఆ మొహం?"

"ఏం చెప్పను ప్రభూ! రాజ్యమంతా సీమలైపోయింది. తమ కోట మాత్రం పాతకాలంలోనే ఉండిపోయింది. వంటిల్లు ఇంకా వంటిల్లే! ఎంత నామోషీ!"

"నిజమే సుమా! నాకెలా తట్టలేదు?" అని రాజు తన ముద్రిక తీసి భట్టు చేతిలో పెట్టాడు. "కోటను నువ్వే విభజించు. రేపటి నుంచే అమలు. గీత దాటి పనిచేసినవాడికి కొరడా దెబ్బలే!"

మర్నాడు శనివారం. రాజుగారి తలంటు. పనివాడు ఈరన్న ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి, ఒంటికి నూనె పట్టించి, నెత్తిన చిక్కటి కుంకుడు పులుసు పోసి రుద్దాడు. సీసాలోని నురగతో స్నానాలు చేసే ఈ కాలం పిల్లలకు కుంకుడు పులుసు సంగతి తెలియదు. అది కంట్లో పడితే చక్రవర్తి అయినా అమ్మా అనాల్సిందే.

"అమ్మా! నీళ్లు పొయ్యరా ఈరన్నా!"

"పొయ్యకూడదు ప్రభూ."

"నీళ్ల కాగు నీ పక్కనే ఉంది కదరా!"

"చెయ్యి చాస్తే అందుతుంది ప్రభూ. కానీ పీట స్నానసీమలో ఉంది, కాగు గజసీమలోకి పోయింది. మధ్యన గీత ఉంది. దాటితే కొరడా దెబ్బలన్నారు."

"గజసీమ అధికారి ఎవడు?"

"మావటీల పెద్ద. కబురంపాం. తన సీమలో ఏనుగులు తప్ప ఎవరూ స్నానం చెయ్యరు కాబట్టి సంబంధం లేదన్నాడు."

"స్నానసీమకు అధికారి లేడా?"

"చిత్తం, నేనే ప్రభూ" అంటూ సింగరభట్టు లోపలికొచ్చాడు. "కాగు మాది కాదు గదా!"

"మంటరా! కళ్లు పోతున్నాయి!"

"ఒక్క క్షణం ఓర్చుకోండి. ఈ సీమకు పెట్టిన పేరు వినండి. శ్రీరణధీర మంగళస్నాన మహావైభవసీమ! ఎలా ఉంది?"

"తగలెయ్! పేరుతో కళ్లు కడుక్కోనా? నాకు నీళ్లు కావాలి!"

"నాంచారమ్మ అడిగినవీ అవే ప్రభూ" అన్నాడు భట్టు మెల్లగా.

రాజు అరవడం మానేశాడు. చెంపల మీద నురగ కారుతోంది.

"ఆ తూము తెరిపించు."

"రౌతు గుమ్మంలోనే ఉన్నాడు. ఆజ్ఞ కొంచెం గట్టిగా ఇప్పించండి."

"తెరవండి! ఏ చెరువు కింది పొలాలు ఆ చెరువున్న సీమలోనే! కోటలో గీతలన్నీ చెరిపెయ్యండి! ఇక పొయ్యరా, నీ పుణ్యముంటుంది!"

ఈరన్న చెంబు మీద చెంబు గుమ్మరించాడు. రాజు ఎర్రబడ్డ కళ్లు తెరిచి భట్టును కాసేపు ఉరిమి చూశాడు. తర్వాత ఆయన బొజ్జ కదిలింది. పీట మీదే ఊగిపోతూ పగలబడి నవ్వాడు.

"భలేవాడివయ్యా! ఈ కంకణం తీసుకో. ఇంకా ఏం కావాలి? ఒక సీమకు నీ పేరు పెట్టనా?"

భట్టు రెండు చేతులూ జోడించాడు. "కంకణం చాలు ప్రభూ! నా పేరు పెడితే ఆ ఊళ్లవాళ్లంతా రోజూ నన్ను తిడతారు." రాజు మరింత నవ్వి రెండో కంకణం కూడా తీసిచ్చాడు.

నాంచారమ్మను గుర్రం మీద వెనక ఎక్కించుకుని రౌతు రేగులపాడు చేరాడు. తూము తెరిపించి, కట్ట మీద నిలబడి రాజుగారి బిరుదులతో సహా ఆజ్ఞ చదవడం మొదలుపెట్టాడు. కాలవలో నీళ్లు అప్పటికే పరుగెడుతున్నాయి.

"నువ్వు చదువుతూ ఉండు నాయనా" అంది నాంచారమ్మ, పార భుజాన వేసుకుంటూ. "నేను మడవ తిప్పి చేలోకి నీళ్లు పెట్టుకొస్తాను."