ఓబులమ్మ గోడ

నరహరి మాస్టారి దగ్గర భవనాలు గీయడం నేర్చుకునేవాళ్ళకి ఒక ఇబ్బంది ఉండేది. కాగితం ముందు కూర్చుని ఏమడిగినా ఆయన జవాబు చెప్పేవారు కాదు. "పద, అక్కడికి వెళ్ళి అడుగుదువుగాని" అనేవారు. అక్కడికి వెళ్ళాక కూడా చెప్పేవారు కాదని శిష్యులు తర్వాత నవ్వుకునేవారు.

ఒంగోలుకు దూరంగా, మిరప చేల మధ్య కొత్తగా కట్టబోయే హైస్కూలు పనిని ఆయన తన శిష్యురాలు సువర్చలకి అప్పగించారు. ఆమె దాన్ని చాలా ఇష్టంగా గీసింది. పునాదులు తవ్విన మట్టితోనే ఇటుకలు, కప్పుల మీద పడిన వాన చేరడానికి ఒక కుంట, సాయంత్రాలు ఊరివాళ్ళు వచ్చి కూర్చునేందుకు ఒక చదువుల గది. ప్రహరీ గోడ మాత్రం గీయలేదు. బడి ఊరిదే అయినప్పుడు మధ్యలో గోడ ఎందుకని ఆమె ఉద్దేశం.

ఆ బొమ్మలు ఊళ్ళో అందరినీ కూర్చోబెట్టి చూపించింది. ఇంకేం కావాలో చెప్పమంది. గోడ కావాలన్నారు. అందరికన్నా గట్టిగా అన్నది ఓబులమ్మ. బడి స్థలాన్ని ఆనుకునే ఆమె కౌలు చేను. కూతురు కీర్తన ఎనిమిదో తరగతి పూర్తి చేయబోతోంది. భవనం లేచేదాకా ఆగకుండా, జూన్ నుంచి అక్కడే రేకుల షెడ్డు వేసి తొమ్మిదో తరగతి మొదలుపెడతామని ఊరి పెద్దలు మాటిచ్చారు.

"గోడ ముందు కట్టండి మేడం. లేదంటే నా పిల్లని ఇక్కడ వెయ్యను, ఒంగోలు హాస్టల్లో వేస్తా" అంది ఓబులమ్మ.

"ఎంత ఎత్తుండాలమ్మా?"

"బండి మీద నిలబడి చూసినా కనపడనంత."

పక్కనున్న కోటమ్మ నవ్వింది. "జైలు కట్టిస్తన్నావా ఏందే?"

"నీకు ఆడపిల్లలు లేరు గదా, నవ్వుతావులే."

సువర్చల మెల్లగా అడిగింది. "హాస్టల్లో వేస్తే పిల్ల నీకు కూడా కనపడదు కదమ్మా?"

"ఎవరికీ కనపడదు గదా" అంది ఓబులమ్మ. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

తిరిగొచ్చిన సువర్చల మాస్టారి ముందు నిలబడింది. "మీరు ఊరితో కలిసి ఉండే బడి కావాలన్నారు. ఊరేమో గోడ కావాలంటోంది. ఊరి మాట వింటే ఊరు బయట ఉండిపోతుంది. వినకపోతే అది ఊరి బడి ఎలా అవుతుంది? నాకేమీ అర్థం కావడం లేదు మాస్టారూ."

"నాకూ అంతే. పద" అన్నారాయన.

మర్నాడు పొద్దున్నే కూలీల చేత ఆమె బొమ్మ మొత్తాన్ని బడి స్థలంలో నేల మీద సున్నంతో ముగ్గుగా పోయించారు. గదులు, నడవలు, కుంట అన్నీ తెల్లటి గీతలయ్యాయి. తర్వాత ఓబులమ్మని పిలిపించి, సరిహద్దు పొడుగునా గుంజలు పాతించారు. మిరప కల్లం మీద కప్పే టార్పాలిన్ పట్టాలు తెప్పించారు.

"గోడ నువ్వే కట్టమ్మా, నీకు నచ్చినంత ఎత్తు" అన్నారు.

ఓబులమ్మ మొదట నమ్మలేదు. తర్వాత కోటమ్మని సాయం పట్టుకుని, చుట్టూ తలకి మించిన ఎత్తున పట్టాలు కట్టించింది. కూతుర్ని లోపల తరగతి గది గీతల మధ్య కూర్చోబెట్టింది. రోడ్డు మీదికి పోయి అటు నుంచీ ఇటు నుంచీ చూసుకుంది. తృప్తిగా చేలోకి దిగి కాయలు కోయడం మొదలుపెట్టింది.

సాలు చివరికి రాగానే నడుమెత్తి బడి వైపు చూసింది. నీలం పట్టా తప్ప ఏమీ కనిపించలేదు. మళ్ళీ వంగింది. మళ్ళీ లేచింది. కాసేపటికి గట్టెక్కి వచ్చి, తన చేను వైపు పట్టా ముడి విప్పి రొమ్ము ఎత్తుకి దించి కట్టింది. కూతురు కనిపించింది. ఇంతలో రోడ్డు మీద ఇద్దరు కుర్రాళ్ళు బండి ఆపి, ఈ వింతేమిటా అని చేలగట్టు మీదికొచ్చి తొంగిచూశారు. ఓబులమ్మ పరిగెత్తుకొచ్చి పట్టా పైకి కట్టింది. వాళ్ళు పోగానే దించింది. ఎరువుల ట్రాక్టరు వస్తే ఎత్తింది.

"ఈరోజు కాయలు కోస్తావా, జెండా ఎగరేస్తావా?" అంది కోటమ్మ.

సువర్చల కాగితం మీద మొదట ఒక ఎత్తు రాసుకుంది. కొట్టేసి ఇంకోటి రాసింది. అదీ కొట్టేసింది. ఎత్తడమూ తప్పు కాదు, దించడమూ తప్పు కాదు, రెండూ ఒక్కతే చేస్తోంది. మాస్టారి వైపు చూస్తే, ఆయన ఎండకి తువ్వాలు తలకి చుట్టుకుంటున్నారు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఓబులమ్మ మరోసారి పట్టా దించింది. లోపల కూతురు లేదు.

పిలిచింది. పలుకు లేదు. గేటు కోసం వదిలిన చోటు అటువైపు దూరంగా ఉంది. ఆమె అంత దూరం పోలేదు. తాను కట్టిన పట్టా కిందినుంచే దూరి, మోకాళ్ళ మీద పాకి లోపలికొచ్చింది. కోటమ్మా, చేలో కోతకొచ్చిన మిగతా కూలి ఆడవాళ్ళూ వెనకే దూరారు. ముగ్గు గీతలు కాళ్ళకింద చెరిగిపోయాయి.

కీర్తన కానుగ చెట్టు నీడలో కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. అది, చెట్టుని ఆనుకుని సువర్చల చదువుల గదికి గీసిన చోటు.

"పిలిస్తే పలకవేందే?"

"నిద్ర పట్టిందమ్మా. అక్కడ నువ్వు ఎత్తుతా దించుతా ఉంటే నాకు గాలాడలా. ఎండ కూడాను."

కొడుతుందేమోనని సువర్చల ముందుకు అడుగేసింది. ఓబులమ్మ కొట్టలేదు. ఆయాసపడుతూ కూతురి పక్కన కూలబడింది. వచ్చిన ఆడవాళ్ళందరూ ఆ నీడనే చతికిలబడ్డారు. ఒకామె సద్ది డబ్బా విప్పింది. ఓబులమ్మ చుట్టూ చూసింది. అక్కడ కూర్చుంటే రోడ్డు కనపడదు, చేనూ కనపడదు.

"ఇక్కడ ఎవరు కూర్చుంటారు మేడం?"

"మీరేనమ్మా. సాయంత్రాలు వచ్చి చదువుకోవచ్చు."

"సాయంత్రం నాకెక్కడ తీరుద్ది? కాయ గోనెలకి ఎత్తాల, వంట చెయ్యాల." మట్టంటిన చేతులు కొంగుకి తుడుచుకుంది. "మధ్యాన్నం అన్నం టయానికి రానిస్తారా?"

మధ్యాహ్నం గురించి సువర్చల ఆలోచించనే లేదు.

"మరి హాస్టలు సంగతో?" అని కోటమ్మ గుచ్చింది.

"మేడం చెప్పనీ ఉండవే" అంది ఓబులమ్మ. సద్దిలో ముద్ద కలిపి కూతురి చేతిలో పెట్టింది.

వాళ్ళు మళ్ళీ పనిలోకి దిగాక సువర్చల కాగితాలు సర్దుకుంటూ, నిన్నటి గోడ ప్రశ్నకే వచ్చింది. "ఓబులమ్మ పోయేముందు మళ్ళీ చెప్పింది మాస్టారూ, గోడ కావాలట. ఎంత ఎత్తు వెయ్యను?"

మాస్టారు కానుగ కింద, ముగ్గు చెరిగిపోయిన చోటు చూపించారు. "ఆమె కూర్చున్న చోట నీ బొమ్మలో ఏముంది?"

సువర్చల కాగితం విప్పి చూసింది. "పుస్తకాల బీరువా."

"ముందు దాన్ని పక్కకి జరుపు" అన్నారాయన.